బానెట్ కింద మాయమైన కోడి

మధ్యాహ్న మార్తాండుడు నడినెత్తిన నిలిచి తారురోడ్డును పెనంలా కాలుస్తున్న వేళ, పెట్రోలు బంకు పక్కన కారు ఆపి, బానెట్ ఎత్తి, ఇంజన్ మీది అల్యూమినియం రేకు పొట్లాన్ని విజయోత్సాహంతో విప్పిన ఆ మహావీరుడు నిశ్చేష్టుడయ్యాడు: లోపల కోడి లేదు! తోడుగా వెళ్ళిన బంగాళాదుంపలూ లేవు! వాటి స్థానంలో బ్రెడ్డు ముక్కలు, దోరగా వేగి, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉన్నాయి.

ఎవరా వీరుడు? వృత్తిరీత్యా లిఫ్టు మెకానిక్. ప్రవృత్తిరీత్యా ఇంజన్‌పాక సార్వభౌముడు. కారు నడిచినంతసేపూ గాలిలో కలిసిపోయే వేడితో కుటుంబానికి భోజనం వండి తీరాలని కంకణం కట్టుకున్నవాడు. రెండు యుద్ధాలు చేశాడు, రెండూ ఓడాడు. మొదటిసారి దుంపలు పచ్చిగా దిగాయి. రెండోసారి పొట్లం గతుకుల్లో జారిపడి వీరస్వర్గం అలంకరించింది. అందుకే ఈ ఉదయం ఇల్లాలు ఖరాఖండిగా చెప్పేసింది.

"ఇదే ఆఖరు. ఈసారీ తినేలా లేకపోతే ఆ బానెట్ కింద మళ్ళీ పొట్లం పెట్టనివ్వను. ఎక్కడికెళ్ళినా హోటలే."

కనుకనే అతడు సర్వసన్నాహాలతో బరిలో దిగాడు. రేకును ఉండగా చుట్టి ఇంజన్ మీద పెట్టి, బానెట్ మూసి తీసి, ఆ ఉండ ఎంత నలిగిందో చూసి పొట్లానికి చోటు కొలిచాడు. అగ్నిగుండంలాంటి పొగగొట్టం మొదట్లో, కోడితొడల్ని మూడు పొరల రేకు కవచంలో చుట్టి, కొసలు చాక్లెట్ కాగితంలా మెలిపెట్టి, కదలకుండా ఇరికించాడు. ఇంత చేస్తే ఇదా ఫలితం!

"ఇదేంటండీ?" ఇల్లాలు తొంగిచూసింది. "వేడికి కోడి బ్రెడ్డయిపోయిందా?"

"పోనీలే బాబూ, టోస్టు కూడా వంటే," అని అత్తగారు కారులోంచి ఓదార్చింది.

వెనకసీట్లో చేరగిలబడిన మామగారు, విశ్రాంత దర్జీ, ఇంజన్‌వంటకు ఆజన్మ శత్రువు, గంభీరంగా తలాడించాడు. "నేను ముందే చెప్పాను కదా అల్లుడుగారూ! ఇవాళ ఇంజన్ మీద కోడి అన్నారు, రేపు సైలెన్సర్లో కాఫీ కాస్తానంటారు."

అప్పుడా వీరుడు, చేతి తొడుగులు గద వలె పైకెత్తి, దిక్కులు పిక్కటిల్లేలా గర్జించాడు. "ఓరీ అజ్ఞాత తస్కరాధమా! పరాజయపరంపరాదగ్ధుడనైన నా ఏకైక ఆశను అపహరించిన నీవు ఏ సీటున నక్కినా నిన్ను..."

"కాస్త మెల్లిగా అనండి. బంకులోవాళ్ళు చూస్తున్నారు," అంది ఇల్లాలు.

గర్జన గొణుగుడైంది. ఇల్లాలు మాత్రం ఆ రేకును చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టింది. మెలి లేదు. అంచును లోపలికి ఒకసారి, మళ్ళీ ఒకసారి మడిచి, గోటితో గీసినట్టు నున్నగా నొక్కి ఉంది. చొక్కా అడుగు అంచు అచ్చం అలాగే ఉంటుంది. జీవితమంతా బట్టల అంచులు మడిచిన చేతికి, దొంగతనంలో కూడా రేకు కొసను మడవకుండా వదలబుద్ధి కాలేదు.

"అమ్మా, ఇందాక టీకి దిగినప్పుడు కార్లో ఎవరున్నారు?"

"మీ నాన్నే. మోకాళ్ళు నొప్పన్నారుగా!"

"నాన్నా," అంది ఇల్లాలు, రేకు మడతను ఆయన ముక్కు ముందు పెట్టి. "ఇది ఎవరి మడత?"

మామగారు కళ్ళజోడు సర్దుకున్నాడు. మడతను చూశాడు. కాదనడానికి నోరు తెరిచాడు గాని, తన పనితనాన్ని తానే కాదనలేకపోయాడు.

"నేనేనే అమ్మాయ్. మోకాళ్ళ నొప్పీ లేదు, పాడూ లేదు. ఆ వాసనకి కూర్చోలేకపోయాను. పచ్చిగా ఉంటుంది, పట్టుకొచ్చి మీ అందరి ముందూ నవ్వుదామనే బానెట్ ఎత్తాను, ఒట్టు. వేలు కూడా కాలింది, ఇదిగో. ఒక్క ముక్క చూద్దామనుకున్నాను. ఎముక నుంచి ఇట్టే ఊడొచ్చింది. ఇంకోటి చూశాను. తర్వాత చూడ్డానికి ఏమీ మిగల్లేదు. పొట్లం తేలికైపోతే దొరికిపోతానని సంచిలోని బ్రెడ్డు పెట్టాను. పచ్చిగా లేదండీ అల్లుడుగారూ, బ్రహ్మాండంగా ఉడికింది. హోటలూ గీటలూ అని ఈ పిల్ల మాట వినకండి. తిరిగొచ్చేటప్పుడు రెండు పొట్లాలు పెట్టండి. ఒకటి మీ ముగ్గురికీ సరిపోతుంది."