రాడోయ్‌కా గారు ఇంట్లో లేరట!

మా నీష్ నగరం నడిబొడ్డున కొరియర్ కంపెనీకి ఒక విగ్రహం పెట్టాలని గట్టిగా కోరుతున్నాను. నవ్వకండి! ఈ ఊరివాళ్లను కలిపి ఉంచుతున్నది ఫుట్‌బాలూ కాదు, చర్చీ కాదు. అడ్రసు తప్పిన పార్సిళ్లు!

ఒకే భవనంలో పదకొండేళ్లున్నా రెండో అంతస్తు పళ్ల డాక్టరు మొహం నేనెప్పుడూ చూడలేదు. ఆయన తివాచీ నా గుమ్మంలో, నా బూట్లు ఆయన గుమ్మంలో పడ్డాకే పరిచయమయ్యాం. ఇప్పుడు నా పళ్లు ఆయనే చూస్తున్నాడు. ఇంతకంటే సమాజసేవ ఏముంటుంది చెప్పండి?

మరి ఆరోగ్యం? కొరియర్ మనిషి కింద హారన్ కొట్టి ఏడు సెకన్లు ఆగుతాడు. మాది లిఫ్టు లేని నాలుగో అంతస్తు! ఆ మెట్ల మీది పరుగుకు నా పొట్ట సగం కరిగింది. దగ్గర్లోని చాచక్ ఊరి నుంచి రావాల్సిన నా మేజోళ్లయితే దేశం ఉత్తర కొసనున్న సుబోతిత్సా దాకా వెళ్లి, బెల్‌గ్రేడ్‌లో రెండుసార్లు బస చేసి మరీ వచ్చాయి. నేనింతవరకూ సుబోతిత్సా పొలిమేరలు కూడా చూడలేదు.

ఇక వేదాంతం. మీరు సోఫాలో కూర్చుని ఉంటారు. ఫోన్‌కు మెసేజ్ వస్తుంది: 'మీరు ఇంట్లో లేరు.' మరి నేనెవరు? ఎక్కడున్నాను? ఈ ప్రశ్నల కోసం సన్యాసులు కొండ గుహల్లో ఏళ్ల తరబడి కూర్చున్నారు. మనకు పార్సిల్‌తో పాటు ఉచితం!

మా అంతస్తులోనే ఎదురింటి రాడోయ్‌కా గారికి ఈ జ్ఞానోదయం నాలుగు రోజుల్లో మూడుసార్లు అయింది. ఆవిడ బడిలో వంట చేసి రిటైరైన మనిషి. డిసెంబరు పంతొమ్మిదిన వాళ్లింట స్లావా, అంటే ఇంటిల్లిపాదినీ కాపాడే సెయింటు పండుగ. ఒక్కో ఇంటికి ఒక్కో సెయింటు, వాళ్లకు సెయింట్ నికోలా. ఆ రోజు ఎవరినీ పిలవరు, వచ్చేవాళ్లే వస్తారు. వచ్చినవాళ్లను తినకుండా పంపరు.

ఐదు తరాల నాటి నికోలా పటానికి అద్దం పగిలితే, బాగుచేయించమని ఆవిడ బెల్‌గ్రేడ్‌లోని తమ్ముడికి ఇచ్చి పంపింది. అతను బాగుచేయించి కొరియర్‌లో వేశాడు. భర్త పోయాక ఇదే మొదటి స్లావా. ఆ పటం ముందు కొవ్వొత్తి వెలగకపోతే ఆవిడకు అది పండుగే కాదు. అత్తగారి అత్తగారు కాపాడిన పటం తన చేతుల్లో పోయిందన్న దిగులుతో ఆవిడకు నిద్ర లేదు. కంపెనీకి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మూడు రోజులుగా గడప దాటలేదు నేను. వంటలతోనే సరిపోతోంది."

"సిస్టమ్‌లో మీరు ఇంట్లో లేరని ఉందండీ."

"మరి నీతో మాట్లాడేదెవరే? నా దెయ్యమా?"

"ఆ వివరాలు సిస్టమ్‌లో లేవండీ."

చూశారా, ఎంత మర్యాద!

పండుగ రోజు మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. గోడకు ఉత్త మేకు. అందరి చూపులూ అటే. రాడోయ్‌కా గారు రెండుసార్లు వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చింది.

అప్పుడు బెల్లు మోగింది. గుమ్మంలో కొరియర్ మనిషి వుకాషిన్, చంకలో కారు టైరు!

"పిన్నీ, ఇది కింది ఇంటాయనది. ఆయన లేడు, బండిలో చోటు లేదు. మీ ఇంట్లో సందడి వినబడి ఎక్కొచ్చా. ఉంచుతారా?"

"ముందు లోపలికి రా. తిట్లు తరవాత," అంటూ ఆవిడ, స్లావాకు వచ్చినవాళ్లకు మొదట పెట్టే ఉడికించిన తీపి గోధుమలు అతని నోట్లో ఓ చెంచాడు పెట్టింది. కుర్చీలో కూర్చోబెట్టి అడిగింది. "రాడోయ్‌కా ఇంట్లో లేదని రాసింది నువ్వేనా?"

వుకాషిన్ తల దించుకున్నాడు. "నేనే పిన్నీ. రోజుకు నూట నలభై పార్సిళ్లు. ఇంటికి రెండు నిమిషాలిస్తారు. ఈ మెట్లకే నాలుగవుతాయి. కిందనుంచే 'లేరు' అని నొక్కేస్తా."

"సిగ్గులేదూ? మీ ఇంట్లో స్లావా చెయ్యరా?"

"చేస్తాం. ఇవాళే. నికోలాయే మాకూను. మా ఆవిడ ఒక్కతే చూసుకుంటోంది. సెలవడిగితే పండుగ రోజుల్లో కుదరదన్నారు."

అతను గబగబా లేచి కిందికి పరిగెత్తి, బండిలో పార్సిళ్ల అడుగునుంచి పటం తవ్వి తెచ్చాడు. నాలుగు రోజులూ అది ఆవిడ కిటికీ కిందికే వచ్చి పోతోంది! రాడోయ్‌కా గారు దాన్ని గుండెకు హత్తుకుని, ముద్దుపెట్టుకుని, మేకుకు తగిలించింది. కొవ్వొత్తి అతని చేతే వెలిగించింది. "మీ ఇంటిదీ ఇదే అనుకో బాబూ," అని వేయించిన చేప వడ్డించింది.

రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఫోన్ మోగింది. స్పీకర్‌లో సూపర్‌వైజర్ గొంతు అందరికీ వినబడింది.

"వుకాషిన్! బండి పందొమ్మిది నిమిషాలుగా కదల్లేదు. నువ్వు బండికి పద్నాలుగు మీటర్ల దూరంలో ఉన్నావు. ఏం చేస్తున్నావక్కడ?"

అతను నోట్లో ముద్దతోనే లేచి మెట్లు దిగాడు. రాడోయ్‌కా గారు చేపను రొట్టెలో చుట్టి వెనకే పరిగెత్తింది, అప్పటికే బండి కదిలింది.

ట్రాకింగ్ పనిచేయదని వాపోయే పాఠకులారా, ఇకనైనా ఆ మాట మానండి. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మీటర్లతో సహా చెబుతోంది. కాకపోతే వాళ్లు వెతుకుతున్నది మీ పార్సిల్‌ను కాదు.