దుమ్ము లేపని తాబేలుకు దుమ్ము రుసుము

ఒక పెద్ద అడవిలో సింహానికి దగ్గు పట్టుకుంది. మామూలు జంతువుకు దగ్గొస్తే నాలుగు తులసాకులు నమిలి ఊరుకుంటుంది. ఇక్కడ దగ్గింది రాజు కాబట్టి చట్టం వచ్చింది.

మంత్రి నక్క సభలో లేచి గొంతు సవరించుకుంది. "ప్రభూ, ఇది దుమ్ము వల్ల వచ్చిన దగ్గు. కాళ్ళున్న ప్రతివాడూ మీ మడుగు దగ్గరికి వచ్చి దుమ్ము లేపుతున్నాడు. మడుగు చుట్టూ 'దుమ్ము తగ్గింపు మండలం' పెడదాం. లోపలికి రావాలంటే పరీక్ష. పదిహేనేళ్ళు దాటినవాళ్ళకు రోజుకో ఈతపండ్ల గెల రుసుము."

"పదిహేనేళ్ళే ఎందుకు?" అని కుందేలు అడిగింది.

తనకు పద్నాలుగు కాబట్టి అని నక్క చెప్పలేదు. "నిపుణులు తేల్చారు," అంది.

మండలం పొలిమేరలో కొంగను తనిఖీ అధికారిగా వేశారు. నడిచే జంతువు వెనక తెల్ల తామర రేకు పట్టుకుని, దాని మీద ఎంత దుమ్ము పడిందో చూడటం దాని ఉద్యోగం.

మొదట అడవిపంది వచ్చింది. వయసు రెండేళ్ళు. అది పరుగెత్తితే అరకోసు దాకా ఎదుటివాడి ముఖం కనబడదు. కానీ పరీక్ష అనగానే బుద్ధిగా నిలబడి ఓ కునుకు తీసింది. రేకు తెల్లగానే ఉంది. కొంగ మెచ్చుకుని, పరీక్ష నెగ్గినట్టు గుర్తుగా దాని నుదుటికి పచ్చాకు అతికించింది. ఆకు అంటుకోగానే పంది మడుగు వైపు దూసుకుపోయింది. కొంగకు పావుగంట సేపు కళ్ళు కనబడలేదు.

కళ్ళు తుడుచుకుని చూస్తే ఎదురుగా తాబేలు అవ్వ ఉంది. నూట పన్నెండేళ్ళ ప్రాణం. ఆమె ఉండే గుంట ఆ ఎండలకు ఇంకిపోయింది. నాలుగు రోజుల్లో మడుగు చేరకపోతే సొంత పెంకులోనే ఉడికిపోతుంది.

"నడు అవ్వా," అంది కొంగ.

అవ్వ నడిచింది. రేకు మీద నలుసు కూడా పడలేదు. కొంగ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రేకు పాడైనట్టుంది," అంది.

"పాడవలేదు నాయనా. నేను దుమ్ము లేపను."

"దుమ్ము సంగతి తరవాత. నీ వయసెంత?"

అవ్వ నిజం చెప్పింది. పాపం, అక్కడే చెడింది. ఈతచెట్టు కింద రాలిన గెల ఒకటి వెతికి, నోట కరిచి ఈడ్చుకొచ్చి ఇస్తే గానీ కొంగ దారి వదలలేదు. నాకైతే ఆ కొంగ మెడ మెలిపెట్టాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే నక్క ఎదురొచ్చింది. "అవ్వా, ఇది రెండో రోజు. గెల ఏదీ?"

"దారిలోనే ఉన్నాను కదయ్యా! పంది రెండంగల్లో వెళ్ళిన దారి నాకు మూడు రోజులు పడుతుంది."

"చట్టంలో రోజులే ఉన్నాయి, అంగలు లేవు. వెనక్కి వెళ్ళి గెల పట్టుకురా."

"పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు!"

"వాటికి ఇంకో రెండు గెలలు," అని నక్క వేళ్ళు మడిచింది. తరవాత జాలిపడినట్టు ముఖం పెట్టింది. "పోనీ, పాత పెంకు అప్పగించేయ్. కొత్త పెంకుకు సగం రాయితీ ఇప్పిస్తాను."

"పెంకు తీసేస్తే నేనుండను కదా నాయనా."

"అప్పుడు రుసుమూ ఉండదు!"

అవ్వకు కడుపు మండింది. పెంకు ఎంత కాలిపోతున్నా సరే, కాళ్ళు లోపలికి లాక్కుని, "కదలను, ఏం చేసుకుంటావో చేసుకో," అంది.

నక్క నాలుగు పచ్చాకు పందుల్ని పిలిపించింది. "మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, దీన్ని ఈడ్చుకెళ్ళి పొలిమేర అవతల పారేయండి," అని హుకుం జారీ చేసింది.

పందులు అవ్వ పెంకుకు తీగలు కట్టి పరుగు లంకించుకున్నాయి. దుమ్ము లేచిందంటే, ఆకాశం అంటిన దుమ్ము! ముందున్నదానికి వెనకున్నది కనబడలేదు, పొలిమేర ఎటో ఒక్కదానికీ తెలియలేదు. కళ్ళు మూసినా తెరిచినా ఎండవేళ అడవిపందికి తెలిసిన దిక్కు ఒకటే, బురద. మూడు నిమిషాల్లో నాలుగు పందులూ, వాటి వెనకే అవ్వా, మడుగులో దభీమని పడ్డారు.

ఒడ్డున కునుకు తీస్తున్న సింహం లేచి దగ్గింది. ఆ దగ్గుకు చెట్ల మీది కోతులు మామిడికాయల్లా రాలాయి. "ఎవడు... ఎవడురా దీనికి కారణం?" అని గర్జించబోయి మళ్ళీ దగ్గింది.

నక్క పరుగున వచ్చింది. "నివేదిక సిద్ధం ప్రభూ! తాబేలు కదలకముందు దుమ్ము లేదు, కదలగానే వచ్చింది. కారణం తాబేలే."

"అయితే దాన్ని వెంటనే బయటికి..."

పందులు ఉత్సాహంగా కాళ్ళు దువ్వాయి. సింహం ముఖం పాలిపోయింది.

"వద్దు! దాన్ని ఎవరూ ముట్టుకోకండి! ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి!"

మెడదాకా నీళ్ళలో ఉన్న అవ్వ తల ఎత్తి, "మరి నా రుసుమో, ప్రభూ?" అని మర్యాదగా అడిగింది.

"ముందు మునుగు తల్లీ, నీకు పుణ్యముంటుంది," అంది సింహం.

నీతి: చట్టాన్ని పాటిస్తూ వెళితే మూడు రోజుల దారి, పట్టుబడి వెళితే మూడు నిమిషాలే.