నయమైన మోకాలు

"ఇకపై ప్రభుత్వ ఆసుపత్రుల్లో నొప్పి మాత్రలుండవు. ఆకే మందు!" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. ఎంత దూరదృష్టి! మాత్ర మింగితే ఎవరికీ కనబడదు. ఆకుముద్ద రాస్తే పచ్చగా వీధి చివరిదాకా కనబడుతుంది. ప్రభుత్వం చేసే పని జనానికి కనబడాలి కదా.

మా అత్తగారికి మాత్రం ఒళ్ళు మండింది. పదకొండేళ్ళుగా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మాత్ర వేసుకుంటే వంటింటి దాకా నడుస్తారు, లేకపోతే మంచం దిగరు.

"ఆ ఆకులేవో మేకలకి పెట్టుకోమను. నా మాత్రలు నాక్కావాలి."

"పెద్దవాళ్ళు ఆలోచించే చేస్తారండీ."

"మోకాలు నాదయ్యా!"

న్యాయమైన మాటే. విశాల దృక్పథం లేదంతే.

ఆకు వైద్యం ప్రారంభోత్సవానికి నయమైన రోగి ఒకరు కావలసివచ్చారు. అప్పటికి ఆకు ఎవరికీ రాయలేదు గనక ఆరోగ్యశాఖ ఆఫీసరుగారు కాస్త ఇబ్బందిపడి, చివరికి చప్పట్లు కొట్టిన నన్ను గుర్తుపట్టి మా అత్తగారిని ఎంపిక చేశారు. వేదిక వెనక డాక్టరుచేత ఆవిడకో ఇంజెక్షన్ చేయించారు.

"ఇదెందుకండీ?" అన్నాను.

"ఆకు పనిచెయ్యడానికి అనుకూల వాతావరణం కల్పిస్తున్నాం" అన్నారాయన. ఇంత చదువుకున్న ఆఫీసర్లు ఉండటం మన అదృష్టం.

మంత్రిగారు స్వహస్తాలతో ఆకుముద్ద రాశారు. అత్తగారు వేదిక ఈ చివరనుంచి ఆ చివరికి చకచకా రెండుసార్లు నడిచారు. మూడోసారి ఎవరూ అడక్కుండానే నడిచారు. మంత్రిగారు కళ్ళు తుడుచుకుని, 'సంపూర్ణంగా నయమైనది' అన్న సర్టిఫికెట్ చేతిలో పెట్టారు.

సాయంత్రానికి ఇంజెక్షన్ ప్రభావం దిగిపోయింది. అత్తగారి ఏడుపు చూడలేక ఆసుపత్రికి పరిగెత్తాను.

"ఆకుతో తగ్గనివాళ్ళకి పాత స్టాకులోంచి మాత్రలు ఇవ్వమన్నారు" అన్నాడు కాంపౌండరు.

"అయితే ఇవ్వండి."

"మీ అత్తగారికి తగ్గింది కదండీ! రాష్ట్రం మొత్తానికి తగ్గింది ఆవిడొక్కరికే."

అలా నెల గడిచింది. ఒకరోజు మా గుమ్మం ముందు పెద్ద కారు ఆగింది. ఆఫీసరూ డాక్టరూ చెరో రెక్క పట్టుకోగా మంత్రిగారు కొడవలిలా వంగిపోయి దిగారు. పాపం, ఆయన నిజంగానే నమ్మారు! నెల్లాళ్ళుగా నడుముకి ఆకే రాయించుకుంటున్నారట.

"అమ్మా, నిజం చెప్పండి. ఆరోజు మీకేం చేశారు? నాకు ప్రాణం పోతోంది" అన్నారు, లోపలికొచ్చి అత్తగారి మంచం పక్కన నిలబడి.

ఆఫీసరుగారు మా పైకప్పు పరిశీలించసాగారు.

"ముందు సూది పొడిచారు నాయనా. ఆకు తర్వాత మీరే రాశారుగా" అన్నారు అత్తగారు.

హమ్మయ్య, గుట్టు రట్టయింది, ఇక మాత్రలు వచ్చేస్తాయి అనుకున్నాను. మంత్రిగారు ఆఫీసరుమీద విరుచుకుపడ్డారు.

"సగం వైద్యం చేస్తే ఎలా తగ్గుతుందయ్యా? ఊఁ, కానివ్వండి!"

అత్తగారి మంచంమీదే బోర్లా పడుకున్నారు. డాక్టరు సూది పొడిచి పైన ఆకు పూశాడు. పావుగంటకల్లా మంత్రిగారు నిటారుగా లేచి నిలబడ్డారు.

"చూశారా ఆకు మహిమ!" అంటూ ఎవరి సాయం లేకుండా వెళ్ళి కారెక్కారు. ఆఫీసరుగారు వెనకే పరిగెత్తారు.

డాక్టరు పెట్టె సర్దుకుంటుంటే అత్తగారు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"బాబ్బాబు, ఇంకో సూది ఉందా?"

"ఉందమ్మా" అన్నాడతను మెల్లిగా చెయ్యి విడిపించుకుంటూ. "కానీ నొప్పి ఉన్నవాళ్ళకే ఇవ్వాలి."