మౌనంపై నాలుగేళ్ల పరిశోధన

ఒక పెద్ద అడవిలో పులి వస్తోందని అరవడం కూడా ఉద్యోగమే. దానికో శాఖ, శాఖకో మద్దిచెట్టు, చెట్టుకో చిటారుకొమ్మ. ఆ కొమ్మ మీద కూర్చున్న అధికారి “ఖ్యాక్!” అంటే చాలు, కింద వాగులో నీళ్లు తాగుతున్న వాళ్లంతా తొమ్మిది గెంతుల్లో మాయం.

వేగులమ్మ అనే కొండముచ్చు ఆ కొమ్మ మీద ఆరేళ్లు పనిచేసింది. పులి రెండువందల పన్నెండుసార్లు వస్తే, రెండువందల పదకొండుసార్లు ముందే పసిగట్టింది. మిగిలిన ఆ ఒక్కసారీ తుమ్మొచ్చింది.

తర్వాత బుడంకాయ పుట్టాడు. వేగులమ్మ సెలవు పెట్టింది. సెలవు మీద సెలవు. చూస్తుండగానే నాలుగేళ్లు.

ఇప్పుడు బుడంకాయ సొంతంగా గెంతుతున్నాడు. వేగులమ్మకు మాత్రం “తిను, దిగు, తోక లాగకు” తప్ప వేరే మాటలు రావడం మానేశాయి. మళ్లీ ఆ కొమ్మెక్కాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆమె స్థానంలో పెట్టిన గుడ్లగూబ పగలంతా నిద్రపోతోందని తీసేశారట. నెల రోజులుగా కొమ్మ ఖాళీ. కానీ నాలుగేళ్లు దాటితే పాత ఉద్యోగుల పేర్లు శాశ్వతంగా కొట్టేస్తారు. అందుకింకా మూడు రోజులే ఉన్నాయి.

వెంటనే బయోడేటా రాయించుకోవడానికి చిలకపంతులు దగ్గరికి పరుగెత్తింది. ఈ చిలక ఒకప్పుడు అటవీ బంగళా కిటికీ మీద మూడు నెలలుండి, లోపల ఆఫీసరుగారు పలికే మాటలన్నీ కంఠతా పట్టింది. అడవిలో ఎవరి బయోడేటా అయినా ఆ మాటలతోనే తయారవ్వాలి. ‘జట్టుతో కలిసి పనిచేయగల నేర్పు’ అని మొసలికి రాసిచ్చింది కూడా ఆయనే.

“ఈ నాలుగేళ్లూ ఏం చేశారమ్మా?” రాయడానికి మోదుగాకు సవరించుకుంటూ అడిగాడు పంతులు.

“పిల్లాణ్ణి పెంచాను.”

“అంటే ఖాళీ.”

“ఖాళీనా! రోజుకు అరవై అరుపులండీ పంతులుగారూ! నాలుగేళ్లకి ఎనభై ఏడువేల ఆరువందలు. లీపు సంవత్సరం వచ్చింది కాబట్టి ఇంకో అరవై. ఆ అంకె వెయ్యండి.”

“ఇంట్లో అరిచినవి అనుభవం కింద రావు తల్లీ. పిల్లాడేం పులి కాదుగా.”

“ఒక్కపూట మీ దగ్గర వదిలి వెళ్లమంటారా?”

పంతులు రెక్కలు ముడుచుకుని నాలుగంగుళాలు వెనక్కి జరిగాడు. “వద్దులెండి. కానీ ఖాళీ కనపడిందంటే మీ ఆకు వాగులోకే. దాని మీద ఓ పెద్ద మాట కప్పాలి. ఉండండి, ఏదో ఉండాలి... ఆఁ, ‘వ్యూహాత్మక మౌనంపై లోతైన పరిశోధన’. ఎలా ఉంది?”

“నాకూ మౌనానికీ ఏం సంబంధమండీ?”

“నాలుగేళ్లుగా ఆ కొమ్మ మీద మీ అరుపు ఎవరైనా విన్నారా?”

“లేదు.”

“మరి దాన్ని మౌనం అనక ఏమంటారు?”

వేగులమ్మ బుర్ర గోక్కుంది. లెక్క ఎక్కడో తప్పుతోందని తెలుస్తోంది గానీ, ఎక్కడో తెలియలేదు. ఆకు పట్టుకుని వెళ్లిపోయింది.

మూడోరోజు వాగు ఒడ్డున ఇంటర్వ్యూ. అధ్యక్షుడు దుప్పి పుట్ట మీద కూర్చున్నాడు. పక్కన సభ్యుడు ఎలుగుబంటి. రాసుకోవడానికి కుందేలు. అభ్యర్థులు ఇద్దరే: వేగులమ్మ, నిదానయ్య అనే తాబేలు. నిదానయ్య ఆకు మీద ఒక్కటే వాక్యం: ‘ఇంతవరకు ఎక్కడా తొందరపడలేదు.’

బుడంకాయను చూసుకునేవాళ్లెవరూ దొరక్క వేగులమ్మ వాణ్ణి కూడా తీసుకొచ్చింది. వాడు నీళ్ల పక్కన కప్పల్ని గిల్లుతున్నాడు.

“మౌనం మీద పరిశోధనా! భేష్!” అన్నాడు దుప్పి. “ఈ శాఖకి ఇన్నాళ్లూ అరిచేవాళ్లే వచ్చారు. ఆలోచించేవాళ్లు రావడం ఇదే మొదలు.”

“వాళ్ల అరుపులకి నాకు మధ్యాహ్నం కునుకు ఉండేది కాదు,” అన్నాడు ఎలుగుబంటి. “మీరొస్తే గోల ఎంత తగ్గిస్తారమ్మా?”

ఈ ప్రశ్నకు జవాబు పంతులు నేర్పలేదు. “ఒక... నలభై శాతమండి.”

“అరవై?”

“చేద్దామండి.”

“ఎనభై?”

“మీరు చెప్పాక కాదంటానా అండి.”

“ఆ ఇరవై మాత్రం ఎందుకమ్మా మిగల్చడం? వంద చేసేస్తే ఓ పనైపోతుంది,” అన్నాడు దుప్పి. కొమ్మ ఒక్క తలాడింపు దూరంలో ఉంది. వేగులమ్మ తలాడించింది. కుందేలు ‘వంద’ అని రాసుకున్నాడు.

“ఇక చివరి ప్రశ్న. పులి కనబడితే ఏం చేస్తారు?”

సరిగ్గా అప్పుడే దుప్పి వెనక పొదలో పసుపుపచ్చగా ఏదో కదిలింది. వేగులమ్మ అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. పదకొండు చారలు. పన్నెండు. మీసాలు.

అరిస్తే ఉద్యోగం పోతుంది. రెండు చేతులతో నోరు మూసుకుంది. చాలక తోక కొస కూడా నోట్లో కుక్కుకుంది.

“చూశారా, సమాధానం కూడా మౌనంగానే!” దుప్పి మురిసిపోయాడు.

పులి తల బుడంకాయ వైపు తిరిగింది. తోక నోట్లోంచి ఊడిపడింది.

“ఖ్యాక్! ఖ్యాఖ్యాఖ్యాక్! బుడంకాయ్, చెట్టెక్కరా వెధవా!”

ఎనభై ఏడువేల ఆరువందల అరవై అరుపుల సాధన అంతా ఆ ఒక్క గొంతులోంచి బయటపడింది. మద్దిచెట్టు ఆకులు రాలాయి. దుప్పి ఒక కొమ్ము వదిలేసి మరీ దూకాడు. ఎలుగుబంటి కుందేలును చంకలో పెట్టుకుని పరుగెత్తాడు. బుడంకాయ జీవితంలో మొదటిసారి చెప్పిన మాట విన్నాడు.

ఆడపులి రెండు పంజాలతో చెవులు మూసుకుని నిలబడిపోయింది. “వేగులమ్మా, నువ్వా! గొంతు మునుపటికి రెండింతలైందేమిటే!”

“పిల్లాడమ్మా,” అంది వేగులమ్మ రొప్పుతూ.

“అదీ సంగతి. నాకూ ముగ్గురులే,” అంటూ పులి నిట్టూర్చి ఖాళీ కడుపుతో వెనుదిరిగింది.

కాసేపటికి బోర్డు మళ్లీ చేరింది. కుందేలు తలలు లెక్కపెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు. ఇక కొమ్మ తనదేనని వేగులమ్మ తోక దులుపుకుంది.

దుప్పి గొంతు సవరించుకున్నాడు. “ప్రాణాలు కాపాడారు, సంతోషం. కానీ మీ ఆకుకీ మీ ప్రవర్తనకీ పొంతన లేదమ్మా. వంద శాతం మౌనం అన్నారు.”

“అరవకపోతే తమరు ఈపాటికి పులి కడుపులో ఉండేవారు కదండీ!”

“కావచ్చు. ఆ విషయం ఈ ఆకులో లేదు.”

“నా కునుకు కూడా పోయింది,” అన్నాడు ఎలుగుబంటి.

“అంత గందరగోళంలోనూ నోరెత్తకుండా, ఉన్నచోటు నుంచి కదలకుండా నిలబడ్డ అభ్యర్థి ఒక్కరే ఉన్నారు,” అన్నాడు దుప్పి. అందరూ నిదానయ్య వైపు చూశారు.

నిదానయ్య డిప్పలోంచి తల బయటపెట్టాడు. “ఏమైనా జరిగిందా?”

నియామకం ఏకగ్రీవం. కొత్త అధికారి చిటారుకొమ్మకు చేరడానికి పదకొండేళ్లు పడుతుందని తేలడంతో, అప్పటివరకు ప్రయాణపు సెలవు కూడా మంజూరైంది.

వేగులమ్మ నేరుగా చిలకపంతులు దగ్గరికి వెళ్లింది. “నిజమే రాసుంటే కొమ్మ నాకు దక్కేదేమో పంతులుగారూ?”

“అయ్యో తల్లీ! నిజం రాస్తే ఇంటర్వ్యూకే పిలిచేవారు కాదు.”

నీతి: చేతనైన పనిని ఉద్యోగంలో చేరాక చేసుకోవచ్చు గానీ, ఇంటర్వ్యూలో మాత్రం చేసి చూపించకూడదు.