కుడి స్ప్రింగు గారి ఖాళీ

కొత్తరేవు పురపాలక సంఘంలో బళ్ళ షెడ్డు షట్టరుకున్న రెండు స్ప్రింగులూ పర్మనెంటు ఉద్యోగులు. వాటిని చూసుకునే కొమ్మోజు భద్రాచారి మాత్రం కాంట్రాక్టు మనిషి. ఇందులో ఎవరికీ వింతేమీ కనబడలేదు. షెడ్డు కట్టిన ఏడాది "షట్టరు ఎత్తుటకు ఇద్దరు" అని రెండు పోస్టులు మంజూరయ్యాయి. పదహారడుగుల ఇనుప షట్టరు బరువంతా మోసేది పైన గొట్టానికి చుట్టుకుని ఉన్న స్ప్రింగులే కనుక వాటినే చేర్చుకున్నారు. ఇద్దరికీ సర్వీసు రిజిస్టర్లు తెరిచారు. పుట్టుమచ్చల గడిలో కుడి స్ప్రింగుకు "మూడో చుట్టు మీద సుత్తి దెబ్బ" అనీ, ఎడమ స్ప్రింగుకు "ఏమీ లేవు" అనీ రాశారు.

వాటి పనితనం గురించి ఏటా పైకి వెళ్ళే నివేదికలు ఎప్పుడూ బాగానే ఉండేవి. మాట్లాడవు, వంగుతాయి, వదిలేస్తే మళ్ళీ తమ స్థానానికి వస్తాయి. కమిషనర్లు ఎందరో మారారు గానీ ఈ గుణాల విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం రాలేదు.

భద్రాచారి వాటిని కుడి గారు, ఎడమ గారు అనేవాడు. పర్మనెంటు వాళ్ళ గురించి కాంట్రాక్టు మనిషి మర్యాద లేకుండా మాట్లాడకూడదని అతని ఉద్దేశం. షెడ్డు వెనక వీధిలోనే అతని తండ్రి కొలిమి ఉండేది. షట్టరు బిగించి వెళ్ళిపోయిన గుత్తేదారు మనుషులు మళ్ళీ రాకపోతే, ఇంజినీరు కొలిమి దగ్గరికొచ్చి, "వీటిని చూసే మనిషెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. తండ్రి ఇరవై ఎనిమిదేళ్ళ కొడుకుని ముందుకి తోశాడు.

"ఇనుం పనోడికి పంచాంగం అక్కర్లేదురా," అన్నాడు ఆ సాయంత్రం. "ఏ కాలం వచ్చిందో ఇనుమే చెబుతాది. చెవొగ్గి విను."

భద్రాచారి ఇరవై ఏడేళ్ళు విన్నాడు. సముద్రం అక్కడికి అర మైలు. కార్తీకం దాటి మంచు పడగానే స్ప్రింగులు బిగుసుకునేవి. అప్పుడు పాత జిడ్డంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కుట్టుమిషనుకి వేసేలాంటి పల్చటి నూనె చుక్కలు చుక్కలుగా వేసేవాడు. తెల్లవారుజామున షట్టరును ఒక్క ఊపున లాగనిచ్చేవాడు కాదు. మోకాలెత్తు లేపి ఆపి, కాసేపు కబుర్లు చెప్పి, అప్పుడు మిగతాది లేపేవాడు. రోహిణి ఎండలకి నూనె కరిగి కారిపోయేది, కారినచోట గాలికొచ్చిన ఇసక అంటుకునేది. ఆ రోజుల్లో తుడవడమే ఎక్కువ పని. అన్నిటికంటే కష్టం వానాకాలం. ఉప్పుగాలి చుట్ల సందుల్లోకి దూరి ఎర్రటి పొడి పూయించేది. పొడిగుడ్డ పెట్టి ఒక్కో చుట్టూ తుడిచి, షట్టరు జారే గాడుల్లో ఇసకని కొబ్బరి ఈనెతో గీకేవాడు.

నెలకోసారి షట్టరును నడుమెత్తున వదిలి చూసేవాడు. అక్కడే ఆగితే ఇద్దరూ కులాసా. జారితే ఒకరికి నీరసం.

తొంభై ఆరు తుఫాను నాటి ఉదయం అతనికి కళ్ళముందే ఉండేది. సరుగుడు తోటలన్నీ నేలకొరిగాయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. షెడ్డు గోడకి తడి చారలు. కుడి గారికి తుప్పు పట్టిందేమోనని భయపడుతూ షట్టరు అంచున చెయ్యి వేశాడు. అది పొద్దున్నే లేచే అలవాటున్న మనిషిలా, ఒక్క చేతికి, చప్పుడు లేకుండా లేచింది. నీళ్ళ ట్యాంకరు బయటికెళ్ళింది. పల్లిపేట ఆడవాళ్ళు బిందెలతో మోకాలి లోతు నీళ్ళలో ఎదురొచ్చారు. తొమ్మిది రోజులు అలా నడిచింది. ఆ తర్వాతి జనవరి ఇరవై ఆరున స్ప్రింగులకు ప్రశంసాపత్రాలు ఇచ్చారు. వాళ్ళు వేదికెక్కలేరు కనుక భద్రాచారి ఎక్కాడు. ముఖ్య అతిథి చెయ్యి కలుపుతూ "నువ్వెవరయ్యా?" అని అడిగితే, "కుడి గారి మనిషినండి," అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే భార్య వరహాలు చాలాసేపు నవ్వింది. తర్వాత, "మీకెప్పుడిస్తారంట?" అని అడిగింది. ఏటా మార్చి నెలలో అతని కాంట్రాక్టు ముగిసేది, ఏప్రిల్లో మళ్ళీ మొదలయ్యేది. ఆ మధ్య రోజుల్లో అతను మునిసిపాలిటీకి ఎవరూ కాడు. అయినా రోజూ వెళ్ళి తుడిచి వచ్చేవాడు.

ఇరవై ఏడో ఏట పైనుంచి నిర్వహణ పట్టిక వచ్చింది. కొండల్లో ఉన్న ఊళ్ళకీ, సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళకీ అదొక్కటే. జనవరిలో ముద్ద గ్రీజు పట్టించవలెను అని అందులో ఉంది. భద్రాచారి చెప్పులు బయట విడిచి కమిషనరు గదిలోకి వెళ్ళాడు.

"అయ్యా, పుష్యమాసంలో ముద్ద గ్రీజు పెడితే కుడి గారు బిగుసుకుపోతారండి. ఆరికి వయసయ్యిందండి. చలికాలంలో నూనె పల్చగా ఉండాలండి."

కమిషనరు పట్టికను మరోసారి చదివాడు. ఆయన చెడ్డవాడు కాదు.

"ఇందులో చలికాలం అని ఎక్కడా లేదయ్యా. జనవరి అని ఉంది," అన్నాడు.

భద్రాచారి గ్రీజు పట్టించాడు. పట్టిస్తున్నంతసేపూ, "తప్పు నాది కాదండి, కాగితం అలా ఉందండి," అని పైకి చూసి చెబుతూనే ఉన్నాడు. మూడో రోజు ఉదయం పొగమంచు షెడ్డు లోపలిదాకా వచ్చింది. మోకాలెత్తు లేపి, ఆపి, కబుర్లు చెప్పాడు. మళ్ళీ లేపబోతే పైన తుపాకీ పేలినట్టు చప్పుడైంది. కుడి గారు మూడో చుట్టు దగ్గర రెండు ముక్కలయ్యారు. షట్టరు ఒక పక్కకి ఒరిగి కూరుకుపోయింది. ఎనిమిదిమంది కలిసి దాన్ని లేపి సరుగుడు బాదులు ఆన్చేసరికి పదకొండయింది. పల్లిపేటలో బిందెలు అప్పటిదాకా వరసలోనే ఉన్నాయి.

విచారణ జరిగింది. మరణానికి కారణం వాతావరణం అని తేలింది. వాతావరణం మీద చర్య తీసుకునే అధికారం పురపాలక సంఘానికి లేనందున ఫైలు మూసేశారు. సిబ్బంది రెండు నిమిషాలు మౌనం పాటించారు, ఒక పూట సెలవిచ్చారు. ఆ పూట భద్రాచారి ఇంటికి వెళ్ళలేదు. రెండు ముక్కలనూ ఒళ్ళో పెట్టుకుని గ్రీజంతా తుడిచి, పల్చటి నూనె వేశాడు. ఇక అవసరం లేదని తెలుసు. చేతులు ఊరుకోలేదు.

ఆఫీసులో సర్వీసు విషయాలు చూసే మాణిక్యాంబ గారే అతన్ని పిలిపించింది. రిటైరు కావడానికి ఆవిడకి ఏడాది ఉంది. వెళ్ళేలోగా ఒక్కరికైనా ఒక్క మంచి పని చెయ్యాలని ఆవిడ నియమం.

"భద్రాచారీ, సర్వీసులో ఉండగా పోయిన ఉద్యోగి మీద ఆధారపడినవాళ్ళకి ఆ ఉద్యోగం ఇవ్వచ్చు. కుడి స్ప్రింగు మీద ఆధారపడి బతికిందెవరు?"

"నేనేనండి."

"ఇంకెవరైనా హక్కుదారులున్నారా?"

"ఎడమ గారున్నారండి. ఆరికి ఉద్యోగం ఉందిగా."

"అయితే నువ్వే. రేపు కాగితాలు పట్రా."

అతనికి మాత్రం మనసొప్పలేదు. "కుడి గారి సీట్లో నేనెలా నుంచుంటానే?" అన్నాడు ఇంట్లో. వరహాలు అన్నం వడ్డిస్తూ ఆగింది.

"ఇరవై ఏడేళ్ళు ఆరి కింద నుంచున్నారు కదండీ. ఇప్పుడు పైన నుంచోండి. ఆరే దీవిస్తారు."

ధ్రువపత్రం రాసే గుమాస్తా చుట్టరికం అడిగాడు. చనిపోయిన వ్యక్తి వయసు ఇరవై ఏడు, ఆధారపడిన వ్యక్తి వయసు యాభై అయిదు కనుక తండ్రి అని రాశాడు. వైద్య పరీక్షలో డాక్టరు అతన్ని వంచి వదిలాడు. మళ్ళీ లేచాడు. అర్హుడు అని సంతకం చేశాడు.

చేరిన రోజు వరహాలు కొత్త పంచె కట్టించింది. షట్టరు కుడి పక్కన గోడకి సిమెంటు దిమ్మె ఒకటి కట్టారు. దాని మీద నుంచుని, రెండు చేతులూ పైకెత్తి షట్టరును మోయాలి. లేచేటప్పుడు లాగాలి, దిగేటప్పుడు బిగబట్టాలి, తక్కిన సమయమంతా పట్టుకుని ఉండాలి. మొదటి ఉదయం ట్యాంకరు తన చేతుల కిందనుంచి వెళుతుంటే భద్రాచారికి కళ్ళు చెమర్చాయి. ఎన్నేళ్ళో కిందనుంచి చూసిన వీధి పైనుంచి ఇంత బావుంటుందని అతనికి తెలియదు. కుడి గారు ఎప్పుడూ చెప్పలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళే ప్రస్తావన వచ్చింది. మాణిక్యాంబ గారు రిజిస్టర్లన్నీ తిరగేసింది. స్ప్రింగు ఇంటికి వెళ్ళినట్టు పూర్వం దాఖలా ఏదీ లేదు. "అడిగితే పైకి రాయాలి. రాస్తే అసలుకే మోసం వస్తుందేమో, చూసుకో," అంది మెల్లగా. భద్రాచారి అడగలేదు. అతను ఖాళీ చేసిన కాంట్రాక్టు పని వరహాలుకి వచ్చింది. పొద్దున్నే వచ్చి అతని నోటికి అన్నం ముద్దలందించి, మోకాళ్ళకీ భుజాలకీ నువ్వుల నూనె రాసేది. ఆఫీసువాళ్ళు ఉన్నప్పుడు "కుడి గారూ, చెయ్యి కొంచెం ఇటండి," అనేది. ఎవరూ లేనప్పుడు కూడా కొన్నాళ్ళకి అదే అలవాటైంది.

ఇంతలో షట్టరు వంకరగా లేవడం మొదలైంది. ఒక స్ప్రింగు పోతే రెండోదాన్నీ మార్చాలి. కొత్తదీ పాతదీ ఒక్క బిగువుతో పనిచెయ్యవు. ఈ సంగతి కొత్తరేవులో అందరికంటే బాగా తెలిసినవాడు భద్రాచారే. అతన్నే అడిగారు. ఒకరోజంతా ఎడమ గారి వైపే చూస్తూ నుంచున్నాడు. తర్వాత, "ఎడమ గారిని పంపించెయ్యండి. కష్టపెట్టకుండా విప్పండి. బిగువు మీదుంటారు, ఒక్కసారిగా వదిలితే చెయ్యి విరుగుతుంది," అన్నాడు. దండ వేసి, శాలువా చుట్టి, ఎడమ గారిని స్వచ్ఛంద విరమణ మీద సాగనంపారు. రిక్షాలో వెళుతుంటే శాలువాలోంచి కిర్రుమని వినిపించింది. రోడ్డు గతుకులదేమో.

ఎడమ స్ప్రింగు పోస్టు ఒకటికి ప్రకటన వేస్తే పంతొమ్మిది వేల దరఖాస్తులు వచ్చాయి. రాతపరీక్ష పెట్టారు, తర్వాత మైదానంలో చేతులెత్తి నిలబెట్టారు. మండుటెండలో పడిపోయినవాళ్ళని పక్కకి తీశారు. చివరికి సలాది నీలోత్పల అనే అమ్మాయికి వచ్చింది. మెకానికల్ ఇంజినీరింగులో పై చదువు కూడా చదివింది. వాళ్ళ నాన్న నియామకపు ఉత్తర్వుకి పటం కట్టించి ముందు గదిలో పెట్టాడు. చుట్టాలందరూ వచ్చి చూసి వెళ్ళారు.

పదహారడుగుల దూరంలో ఆ అమ్మాయి ఎడమ దిమ్మె మీద నుంచుంది. షట్టరు తిన్నగా లేచింది. మొదటి వారం ఆమె ఏమీ మాట్లాడలేదు. శ్రావణంలో ఒక మధ్యాహ్నం సముద్రం మీదనుంచి వాన వచ్చింది. భద్రాచారి భుజాలు వానకంటే ముందే నొప్పెట్టాయి. ఆ నొప్పి అతనికి కొత్తగా అనిపించలేదు; ఎవరో పాత స్నేహితుడు గొంతు మార్చి పలకరించినట్టుంది. తుఫాను ఏడాది సంగతీ, పల్లిపేట బిందెల సంగతీ, కుడి గారికి చలిపొద్దున ఏం కబుర్లు చెప్పేవాడో ఆ సంగతీ ఆమెకి చెప్పాడు. అప్పట్లో వేపపూత వాసన షెడ్డులోకి వచ్చేదనీ, ఆ వాసనకి స్ప్రింగులు తేలికగా లేచేవనీ చెప్పాడు. కింద నిలిచిన వాన నీళ్ళలో కొడవలి వంపుగా ఒంగిపోయిన తన నీడని చూస్తూ నీలోత్పల వింది.

"సార్," అంది కాసేపటికి. "చేతులు బాగా లాగేస్తున్నాయండి. ఎన్నాళ్ళకి అలవాటవుద్దండి?"

భద్రాచారి ఆలోచించాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు.

"అలవాటవ్వదమ్మా. కొన్నాళ్ళు పోయాక దింపుదామన్నా చేతులు దిగవు. అప్పుడింక కష్టం తెలీదు," అన్నాడు.

ఆ మాట విన్నాక ఆ అమ్మాయికి కాస్త ధైర్యం వచ్చింది.