పడుగు తాడు, జాలీ ర్యాక్

గద్వాలలో మగ్గం నేసే దశరథానికి ఆ ఉదయం ఒకటే పని. గోడ అల్మారాలో ఇనుప తీగల కొత్త జాలీ ర్యాక్ బిగించాలి, నేసి ముగించిన పెళ్ళి చీరను దాని మీద పెట్టాలి, మాలతి రాగానే తలుపు తీసి దర్జాగా చూపించాలి. వనపర్తి నుంచి వచ్చే ఆ మాలతి కూతురికి ఎల్లుండే పెళ్ళి. దశరథమూ పెళ్ళామూ ప్రాణం పెట్టి నేసిన చీర అది.

మట్టి గోడ మాత్రం మాట వినలేదు. స్క్రూ తిప్పిన కొద్దీ మన్ను రాలింది. ర్యాక్ వెనక అంచు ఎలాగో కుదురుకుంది గాని, ముందు అంచు వేలాడుతూనే ఉంది. దశరథానికి స్క్రూ మీద నమ్మకం తక్కువ, తాడు మీద ఎక్కువ. ముందు అంచుకు తాడు కట్టి, గోడకు పైన బెజ్జం చేసి, అవతల మగ్గం గదిలోకి లాగాడు. అక్కడ మగ్గం మీది నిలువు పోగుల్ని, అంటే పడుగును, బిగించి పట్టే తాడు ఒక గుంజకు కట్టి ఉంది. దానితో కలిపి దీన్నీ ముడేశాడు. చీరను తన పాత పంచెలో చుట్టి ర్యాక్ మీద పెట్టి, తన పనికి తానే మురిసిపోయి, చాయ్ తాగడానికి బజారుకు వెళ్ళాడు.

తిరిగి వచ్చేసరికి మాలతి వచ్చి మంచం మీద కూర్చుని ఉంది. మగ్గం గదిలో భార్య తిమ్మమ్మ టకటకమని ఇంకో చీర నేస్తోంది.

"జల్ది చీర చూపియ్యి దశరథమన్నా, మళ్ళ బస్సు దొరకదు."

"గిప్పుడే తీస్త అక్కా."

అల్మారా తలుపు రాలేదు. దశరథం సందులోంచి లోపలికి చూశాడు. ర్యాక్ ముందుకు వాలి, దాని కొస తలుపు లోపలి గొళ్ళేనికి తగులుకుంది. కింది అరలో మూత లేని పల్లీనూనె డబ్బా. చూస్తుండగానే పంచె మూటతో సహా ర్యాక్ ఇంకో బెత్తెడు దిగింది. పట్టు అంచుకు నూనె అంటితే ఇక చీర మీద ఆశ వదులుకోవాల్సిందే.

"ఏమైందన్నా?"

"తాళంచెవి కనబడతలేదక్కా."

"దానికి తాళమే లేదు గదనే?"

"తాళం గూడ లోపటనే ఉన్నది" అన్నాడు దశరథం, ఏమంటున్నాడో తెలియక.

మాలతి ముఖం మారింది. "నిజం చెప్పు. వేరేటోళ్ళకు ఇచ్చినవా చీర?"

"ఒట్టక్కా! అండ్లనే ఉన్నది."

"ఉంటే తలుపు ఎందుకు తీస్తలేవు?"

అప్పుడు తట్టింది దశరథానికి. నేసిన బట్ట చుట్టుకున్నప్పుడల్లా పడుగు తాడు కొంత వదలాలి. రెండు తాళ్ళూ కలిపి ముడేసింది తానే. తిమ్మమ్మ తాడు వదిలినప్పుడల్లా ఇక్కడ ర్యాక్ దిగుతోంది. మగ్గం గదిలోకి లగెత్తాడు.

"తాడు వదలకు! గట్టిగ గుంజు!"

"గుంజితే పోగులు తెగుతయ్. పొద్దుగాల పొద్దుగాల గీ పరేషాన్ ఏందయ్యా?"

"తెగితే తెగనీ!"

పోగులు తెగనీ అనే మాట ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి నోట ఆమె వినలేదు. విస్తుపోయి చేతిలోని తాడు మొత్తం వదిలేసింది.

అవతల ఢామ్మని చప్పుడైంది. గొళ్ళెం ఊడి అల్మారా తలుపు తెరుచుకుంది. ర్యాక్ బయటికి దూకింది, డబ్బా ఒరిగింది, మూట నూనెలో పడింది. దశరథం గబగబా మూట విప్పాడు. పంచె మడతల లోపల ఇంకా పంచె మడతలే. చీర లేదు.

"అనుకున్న! అమ్ముకున్నడు! ఇగ నా బిడ్డ ఏం కట్టుకోవాలె?" అంటూ మాలతి మంచం మీద కూలబడింది.

తిమ్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "జర లెవ్వక్కా."

"ఎందుకు?"

"నువ్వు కూసున్నది దాని మీదనే."

పరుపు ఎత్తింది. తెల్లగుడ్డ మడతలో చీర నిక్షేపంగా ఉంది.

"మడత కుదరాలంటే పరుపు కిందనే పెడ్తం గద, ఎప్పుడన్న. తీగల మీద పెడితే పట్టు మీద గీతలు పడవా? ఆయన చాయ్‌కి పోంగనే తీసిన. మనసు నొచ్చుకుంటడని పంచె గట్లనే చుట్టి పెట్టిన, మెల్లగ చెప్దామనుకున్న."

దశరథానికి ప్రాణం లేచొచ్చింది. పంచె పోయినా, నూనె పోయినా, గోడ పోయినా చింత లేదనిపించింది. పెళ్ళాం ముందు చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

మాలతి చీర విప్పి చూసి, సిగ్గుపడుతూనే కళ్ళకద్దుకుంది. "ఏమనుకోకు అన్నా. మడత మాత్రం మస్తు కుదిరింది."

"బరువు మంచిగ పడ్డది గద" అంది తిమ్మమ్మ.

ఆ జాలీ ర్యాక్ ఇప్పుడు వాకిట్లో ఇటుకల మీద ఉల్లిగడ్డలు మోస్తోంది. ఇంతవరకు తాడు అడగలేదు.