ప్లస్ గుర్తు చూడని మహిళ

మనిషి చూపు ఎటు వెళ్తుందో, ఏది పట్టుకుంటుందో, ఏది వదిలేస్తుందో, ఆ సమయంలో మెదడు ఏం చేస్తుందో నిగ్గు తేల్చినందుకుగాను ప్రొఫెసరుగారిని ఘనంగా సన్మానించాలని విశ్వవిద్యాలయం నిర్ణయించింది. ఈ శుభవార్త ఆయన భార్యకు పేపరు ద్వారా అందింది. ఇంట్లో చెప్పడం ఆయన మరిచిపోయారు. అంతటి ఏకాగ్రత గల మనిషి మరి.

ఆవిడ ఈమధ్యనే నడుం దాటే జడను మెడ దాకా కత్తిరించుకుంది. కిరాణా కొట్టతను బాగుందన్నాడు. ఎదురింటి పసివాడైతే గుర్తుపట్టలేక ఏడ్చాడు. ప్రొఫెసరుగారు మాత్రం ఎదురుగా కూర్చుని, కళ్లెత్తకుండా, ఉప్పు అందించమన్నారు. ఆవిడకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. సన్మానం లోపు ఒక్కసారి తనను తేరిపార చూశారా సరి, లేదంటే అక్కయ్య దగ్గరికి వెళ్లిపోవాలని తీర్మానించుకుంది.

ఆయన చూడాలంటే ఆయన చూసే చోట ఉండాలి కదా. ప్రయోగాలకు మనుషులు కావాలని ఆయన ల్యాబువాళ్లు ప్రకటించగానే వెళ్లి వరుసలో నిలబడింది. గడ్డాన్ని దిమ్మ మీద ఆనించి కదలొద్దన్నారు. కెమెరా కంటిపాపను పట్టుకుంది. ప్రొఫెసరుగారి ముందున్న తెర మీద ఆవిడ కన్ను గుమ్మడికాయంత కనిపించింది. పెళ్లయ్యాక ఆయన ఆ కంట్లోకి అంతసేపు చూడడం అదే మొదటిసారి. ఆవిడ గుండె ఝల్లుమంది.

"మధ్యలో ప్లస్ గుర్తుంది చూడండమ్మా. దాన్నే చూస్తూ ఉండాలి," అన్నారాయన తన తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆవిడ ఆయన్ని చూసింది. ఇటు కాదమ్మా, ప్లస్ గుర్తు అని ఆయన ఓపిగ్గా మళ్లీ చెప్పారు. ఆవిడ మళ్లీ ఆయన్నే చూసింది. యంత్రం కుయ్యోమని మొత్తుకుంది. తీవ్రమైన శ్రద్ధాలోపమని ధ్రువీకరించి, ఆవిడ చూపులన్నింటినీ శాస్త్రీయంగా కొట్టివేసి, తర్వాతివారిని పిలిపించారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఫోను చూసుకుంటూ ఆయనే ఆ ముచ్చట ఎత్తారు.

"ఇవాళ ఒకావిడ వచ్చిందిలే. చూడమన్నది మానేసి ఇంకోటి చూస్తుంది."

"ఎటు చూసిందండీ?"

"నా వైపు. పాపం, ఇంట్లోవాళ్లు ఆవిడతో ఎలా వేగుతున్నారో."

సన్మానసభ కిటకిటలాడింది. మనిషి తాను వెతికేదాన్నే చూస్తాడని, కళ్లెదుట ఉన్నదాన్ని చూడడని ప్రొఫెసరుగారు అనర్గళంగా ఉపన్యసించారు. చివర్లో కాగితాల మీంచి తలెత్తకుండానే, "నా ఈ విజయానికి కారణం నా శ్రీమతి. అదిగో, మొదటి వరుసలో కూర్చుంది," అని చెయ్యి చాపారు.

ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ అప్పటికే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, కళ్లు తుడుచుకుంటోంది. సభ యావత్తూ లేచి ఆ కుర్చీకి చప్పట్లు కొట్టింది, ఫోన్లెత్తి వీడియోలు తీసుకుంది. మర్నాడు పేపర్లు ఆ దంపతుల అన్యోన్యతను వేనోళ్ల కొనియాడాయి.

నవ్వొస్తోందా? నవ్వండి, తప్పులేదు. కాకపోతే మీరిది చదువుతుండగా పక్కనుంచి ఎవరో మిమ్మల్ని ఏదో అడిగారు. మీరు తలెత్తకుండా "ఊఁ" అన్నారు. అడిగిందేమిటో కనుక్కోండి, మనిషి ఇంకా అక్కడే ఉంటే.